క్లచ్ లేని బండి

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీకందరికీ వందనాలు. నా పేరు ప్రకాశం. మాది కోయిలకుంట్ల, ఇప్పుడు కర్నూలులో సరుకుల వ్యాను నడుపుతున్నాను. మొదటే చెప్పేస్తున్నాను, నా ఎడమకాలు మోకాలి కింద లేదు, అది తిరిగి మొలవలేదు, నేను చెప్పబోయే విడుదల అది కాదు.

అంతకుముందు కడపలో బండలు మోసే డీజిల్ వ్యాను నడిపేవాణ్ణి. ఒకరోజు దించుతుంటే తాడు తెగి, బండల దొంతర నా కాలి మీద పడింది. ఆసుపత్రిలో కాలు తీసేశారు. పెట్టుడు కాలుతో నడవడం నేర్చుకుని, బండి అడగడానికి ఓనరు దగ్గరికి పోయాను.

"క్లచ్ దేంతో తొక్కుతావప్పా? ఇంటికాడ ఉండు" అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదు, అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది. బతుకుతెరువు వెతుక్కుంటూ కర్నూలు చేరాము, అక్కడ నా భార్య సుగుణమ్మ హోటల్లో గిన్నెలు తోమి వస్తే నేను తినేవాణ్ణి. పగలంతా గడప దగ్గర మంచం మీద కూర్చుని, వీధిలో పోయే బండ్ల చప్పుడు విని ఏ బండి ఏ గేరులో పోతున్నదో చెప్పుకునేవాణ్ణి. బంధువుల్లో ఒక పెద్దాయన ప్రార్థన చేయడానికి వచ్చి, నీకు విశ్వాసం చాలదు, అందుకే ఈ గతి పట్టింది అన్నాడు. "విశ్వాసం లేనోడు దేవునితో దినామూ కొట్లాడతాడా పెద్దాయనా?" అని అడిగాను. ఆయన మళ్ళీ రాలేదు. నేను మాత్రం ఆ కొట్లాట ఆపలేదు.

"ప్రభువా, నాకు జాలి వద్దు, జాలి చూపేటోళ్ళు ఈ వీధి నిండా ఉండారు. నాకు పని ఇయ్యి. ఇచ్చేదాకా అడుగుతానే ఉంటా, నువ్వు విసుక్కున్నా సరే."

ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తుంటే, ఒక శెట్టిగారి కిరాణా అంగడి ముందు తెల్ల వ్యాను చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. లోపలికి తొంగి చూశాను. కింద రెండే పెడళ్ళు.

"క్లచ్ యాడప్పా?" అని డ్రైవరును అడిగాను.

"కరెంటు బండి అన్నా ఇది. క్లచ్ లేదు, గేర్లు మార్చేది లేదు. కుడికాలు ఒకటే పని."

సహోదరులారా, నేను ఆ తలుపు పట్టుకుని ఏడ్చాను.

ఊళ్ళో హోటళ్ళకూ చిన్న అంగళ్ళకూ సరుకు వేయడానికి శెట్టిగారు ఆ వ్యాన్లను ఒక కంపెనీ దగ్గర నెలబాడుగకు తీసుకుంటున్నారు. ఇంకొకటి రాబోతోందని తెలిసి, మరునాడే సుగుణమ్మా నేనూ వెళ్ళి అడిగాము. ఆయన నా కాలు వైపు చూశారు.

"బాడుగకు తెచ్చేది నేను, ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది నేను. సరే, నువ్వు నడిపినా మూటలెవరు దించుతారప్పా?"

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి సుగుణమ్మ అంది: "ఈయన నడుపుతాడు, నేను దించుతా శెట్టన్నా. ఈడ వద్దంటే ఇంకో అంగడికి పోతాం."

శెట్టిగారు నవ్వలేదు, కోప్పడలేదు. లైసెన్సు తెచ్చుకోమన్నారు.

డాక్టరు పరీక్షలకూ రవాణా ఆఫీసుకూ తిరిగి తిరిగి, చివరికి ఆఫీసరు ముందు బండి నడిపి చూపించి, క్లచ్ లేని బండ్లకు లైసెన్సు తెచ్చుకున్నాను. అయినా బాడుగ కంపెనీ మేనేజరు ఒప్పుకోలేదు. ఒంటికాలి మనిషికి మా బండి ఇవ్వం అన్నాడు. "లైసెన్సు ఇచ్చినోళ్ళకు లేని భయం నీకెందుకప్పా? పక్కన కూర్చో, నడిపి చూపిస్తా" అన్నాను.

బియ్యం మూటలు, నూనె డబ్బాలు ఎక్కించి, మిట్టమధ్యాహ్నం ఎండలో పాత ఊరి సందుల్లోకి శెట్టిగారు మమ్మల్ని పంపించారు. మేనేజరు నా పక్కన, సుగుణమ్మ వెనక మూటల మధ్య. సందు మధ్యలో ఎదురుగా నిండు బరువుతో తోపుడుబండి వచ్చింది. అటు అరుగులు, ఇటు గోడ, వెనక్కి పోవడం తప్ప దారి లేదు. జనం చేరారు. "కుంటోడు ఇరుక్కున్యాడు" అని ఎవరో అన్నది వినపడింది. లోపలే ప్రార్థన చేశాను: "ప్రభువా, ఈ పని నువ్వు చూపిచ్చిందే. సిగ్గుపడాల్సి వస్తే ఇద్దరమూ పడదాం."

అద్దాలు చూసుకుంటూ ఆ సందు మొదటిదాకా వెనక్కి నడిపాను. గోడకు గీత పడలేదు. తోపుడుబండికి దారి ఇచ్చి, మళ్ళీ లోపలికి పోయి హోటలు ముందు ఆపాను. సుగుణమ్మ దిగి మూట భుజానికెత్తుకుంది. మేనేజరు తనూ దిగి ఒక నూనె డబ్బా అందుకున్నాడు. సాయంత్రం తాళాలు నా చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నా ఇంటి అన్నం ఆ వ్యాను చక్రాల మీదే నడుస్తోంది. దేవునికే మహిమ. కాలు ఎందుకు తీసుకున్నావని నేను ఇప్పటికీ ఆయన్ని అడుగుతూనే ఉన్నాను, ఆయన నన్ను వెళ్ళగొట్టలేదు. మీలో ఎవరినైనా లోకం మూలకు కూర్చోబెట్టి ఉంటే, అదే దేవుని చిత్తమని ఒప్పుకోకండి. ఆయన దగ్గరికే పోయి నిలదీయండి, గొంతు బొంగురుపోయేదాకా అడగండి, కానీ ఆయన్ని మాత్రం విడిచిపెట్టకండి.

నా మాట మీద నమ్మకం కుదరనివాళ్ళు ఎవరైనా ఉంటే, బయట వ్యాను ఉంది. ముందు సీటులో ఒకరికి చోటుంది. ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతాను.