పదో మెట్టు

ఉదయగిరిలో క్రైస్తవుల గుడి ఎక్కడని అడిగితే ఎవరైనా పెద్ద గుడికే దారి చూపిస్తారు. అది బాప్తిస్టుల గుడి. ఆదివారం పొద్దున దాని మైకు పాట కొండ మీది కోటను తాకి తిరిగి వస్తుంది. ఊళ్ళో ఇంకొకటి కూడా ఉందని గుర్తు చెయ్యాలంటే పుస్తకం గుడి అనాలి. దానికి మైకు లేదు. అక్కడ ప్రార్థన నోటికి వచ్చినట్టు చెయ్యరు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతారు. అయ్యగారు ఒక వాక్యం చదివితే జనం ఒక వాక్యం పాడతారు. ఇంగ్లండు దొరల నాటి పద్ధతి. ఎనభై ఏళ్ళ కిందట బద్వేలు వైపు నుంచి రోడ్డు పనికీ బడి పనికీ వచ్చి ఇక్కడే నిలిచిపోయిన పదిహేడు ఇళ్ళవాళ్ళు కట్టుకున్న గుడి అది. మొన్నటిదాకా అందులో పాడేవాళ్ళు ముగ్గురు. పోయిన నెల నుంచి ఇద్దరు.

ఆ ఇద్దరిలో చిన్నది సుకుమారి. ఆమెకు అరవై నాలుగేళ్ళు. పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన టీచరమ్మ. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక కీర్తన అడ్డం వచ్చిందని నవ్వుతుంది. రెండో మనిషి ఆమె మేనత్త రెబెకమ్మ. ఎనభై ఏడేళ్ళు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవికి దగ్గరగా నోరు పెట్టి చెబితే కొంత వినబడుతుంది. గుడి తాళంచెవి సుకుమారి కొంగుకు కట్టి ఉంటుంది. శనివారం సాయంత్రం ఆమె తలుపు తీస్తే లోపల వారమంతా ఎవరూ పీల్చని గాలి ఉంటుంది. బెంచీల మీద దుమ్ము తుడుస్తుంది. ఎవరు ఏ బెంచీ మీద కూర్చునేవాళ్ళో ఆమె చేతికి తెలుసు. గుడ్డ ఆ చోట్ల కొంచెం ఆగి ముందుకు పోతుంది.

ఆ గుడి పాట ఆమె నాయన కట్టింది. నాయన వెంగయ్య నాటకాలకు హార్మోనియం వాయించి, ఆ తర్వాత గుడిలో ఉపదేశి అయిన మనిషి. నెలకొక ఆదివారం బల్ల ఆరాధన ఉంటుంది. రొట్టే ద్రాక్షరసమూ పంచే ఆరాధన. ఆ రోజు అయ్యగారు పది ఆజ్ఞలూ వరసగా చదువుతారు. ఒక్కో ఆజ్ఞ అయ్యాక జనం తమను కరుణించమని పాడాలి. పదిసార్లూ అదే మాట. దొరలు నేర్పిన వరస ఇక్కడి నోళ్ళకు పట్టలేదు. వెంగయ్య తన వరస కట్టాడు. మాట మారకపోతే ఏం, మెట్టు మారాలన్నాడు. మొదటి ఆజ్ఞకు గొంతు నేల మీద ఉంటుంది. రెండో దానికి ఒక స్వరం పైకి. మూడో దానికి ఇంకొకటి. అలా పదోదానికి వచ్చేసరికి పాట కప్పును దాటి కోట బురుజు మీద నిలబడి ఉంటుంది. ముసలివాళ్ళు నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయేవాళ్ళు. మగవాళ్ళు ఆరో మెట్టు దగ్గరో ఏడో మెట్టు దగ్గరో. అక్కడి నుంచి ఆడవాళ్ళూ పిల్లలూ.

ఎవరి గొంతు ఎక్కడ అలిసిపోతే అక్కడ ఆగవచ్చు, అందులో తప్పు లేదు అనేవాడు వెంగయ్య. పదోది మాత్రం ఎవరో ఒకరు పాడాలి. ఒక్కరు పైకి చేరితే కింద ఆగినవాళ్ళంతా చేరినట్టే.

తొమ్మిదో ఏట నుంచి ఆ ఒక్కరు సుకుమారే. నాయన పోయినప్పుడు కూడా, ఆ తర్వాత వచ్చిన బల్ల ఆరాధనలో, ఏడుపు ఎండిపోని గొంతుతోనే ఆమె పదో మెట్టు ఎక్కింది. మూడేళ్ళ కిందట నెల్లూరులో గొంతుకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది. దానితోపాటే పై నాలుగు మెట్లూ పోయాయి. ఇప్పుడు ఆమె ఆరో మెట్టు మీద నిలబడి, తాను ఒకప్పుడు తిరిగిన చోటును కింద నుంచి చూస్తుంది. మూడేళ్ళుగా పదోది పాడేవాళ్ళు లేరు.

ఆ మెట్టు ఎక్కగల గొంతు ఇంకొకటి ఉండేది. తమ్ముడు జోయల్ భార్య కృపారాణిది. జోయల్ ఆత్మకూరులో కరెంటు పని చేస్తాడు. కృపారాణి పుట్టింటివాళ్ళు బాప్తిస్టులు. పెళ్ళయి వచ్చిన మొదటి నెలలోనే ఆమె వెంగయ్య వరసను విని నేర్చుకుంది. పైకి పోయేకొద్దీ సుకుమారి గొంతు సన్నబడేది, కృపారాణి గొంతు విచ్చుకునేది.

అయితే పుస్తకం గుడిలో ఒక కట్టుబాటు ఉంది. బిషప్పుగారు తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తేనే బల్లకు రావాలి. నీళ్ళలో మునిగి బాప్తిస్మం పుచ్చుకున్నదైనా సరే, ఆ చేతులు పడని మనిషి వెనక బెంచీ మీద కూర్చోవాలి. అప్పటి అయ్యగారు మెత్తని మనిషి. ఇంత చిన్న గుడికి బిషప్పుగారు ఎప్పుడు వస్తారో, ఆ అమ్మాయిని రానిద్దామన్నాడు. సుకుమారి ఒప్పుకోలేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించింది. మనమే ఒక మాట దాటితే ఇది పుస్తకం గుడి ఎట్లా అవుతుందని అడిగింది. అయ్యగారు ఊరుకున్నాడు. బిషప్పుగారు రాలేదు. కృపారాణి పదకొండేళ్ళు వెనక బెంచీ మీద కూర్చుని, పదో మెట్టు పాడి, మిగతావాళ్ళు బల్ల దగ్గరికి పోతుంటే తల వంచుకుంది. పన్నెండో ఏట కూతురు అశ్వితను తీసుకుని ఆత్మకూరులో తన పుట్టింటి గుడికి పోవడం మొదలుపెట్టింది. ఎవరితోనూ పోట్లాడలేదు.

ఆ పుస్తకంలోనే ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అయ్యగారు కాక ముగ్గురైనా లేనిదే బల్ల పెట్టకూడదు. పదిహేడు ఇళ్ళున్న రోజుల్లో ఆ వాక్యాన్ని ఎవరూ చదివినట్టు కూడా గుర్తు లేదు. జోయల్ నెలనెలా బస్సెక్కి వచ్చినంత కాలం ముగ్గురు ఉండేవాళ్ళు. ఇప్పుడు అశ్వితకు సంబంధం కుదిరింది. పెళ్ళి తమ గుడిలో జరగాలనీ, తండ్రి కూడా మునిగి అందులో చేరితే బాగుంటుందనీ మగపెళ్ళివాళ్ళు అన్నారు. జోయల్ మునిగి, పుస్తకం గుడి వదిలేశాడు. ఆ సంగతి ఫోనులో చెబుతూ, చెరువులో కాదులే అక్కా, గుడిలోనే తొట్టి కట్టి ఉన్నారు, నీళ్ళు మాత్రం మంచు గడ్డలు అని నవ్వబోయాడు. అవతల నవ్వు వినబడకపోయేసరికి ఫోను పెట్టేశాడు.

పోయిన నెల బల్ల పెట్టలేదు. బద్వేలు నుంచి బస్సులో వచ్చే జయపాల్ అయ్యగారు బెంచీల వంక చూసి, వచ్చే నెల ఇంకొక్కసారి చూద్దామన్నాడు. అప్పుడూ ముగ్గురు లేకపోతే గుడి మూసి తాళంచెవి తెమ్మని గుళ్ళను చూసుకునే కమిటీ చెప్పిందని, ఆ మాట తన నోటితో చెప్పాల్సి వచ్చినందుకు క్షమించమని అన్నాడు.

అందుకే ఆ ఆదివారానికి ముందు రోజు పొద్దున సుకుమారి ఆత్మకూరు బస్సెక్కింది.

కృపారాణి పంచలో చాప వేసుకుని కూతురి పెళ్ళి జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఆడబిడ్డను చూసి లేచి, మంచినీళ్ళిచ్చి, మజ్జిగ కలిపి తెచ్చి, మళ్ళీ కూర్చుని సూది అందుకుంది. జోయల్ పనికి పోయినాడని చెప్పింది. సుకుమారి తాను వచ్చింది తమ్ముడి కోసం కాదంది. మజ్జిగ సగం తాగి, వచ్చిన పని చెప్పింది. రేపు ఒక్కరు కావాలి. కృపారాణి వస్తే ముగ్గురవుతారు. బిషప్పుగారి చేతుల సంగతి ఇంక ఎత్తనని, అయ్యగారితో తానే మాట్లాడతానని అంది.

కృపారాణి ఒక హుక్కు కుట్టి దారం కొరికింది.

"అప్పుడుండిన అడ్డం ఇప్పుడు యాడికి బోయింది వదినా?"

సుకుమారి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"పదకొండేండ్లు నేను పాడితే మీరు పొయ్యి తిన్నారు," అంది కృపారాణి. గొంతు పెంచలేదు. "మీరు లేచి ముందుకు పోతా ఉంటే పాప నన్ను అడిగేది, అమ్మా, నువ్వేం తప్పు చేసినావని. ఏం చెప్పేది దానికి? మీ అత్త పుస్తకంలో ఉండాదిలే అని చెప్పినాను."

"తప్పు నాదే కృపా."

"తప్పని ఒప్పుకునేదానికి వచ్చినావా, మనిషి తక్కువై వచ్చినావా?"

సుకుమారి కొంగు కొసను వేలికి చుట్టుకుంది. తాళంచెవి మోకాలికి తగిలింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"మనిషి తక్కువైందనే వచ్చినా," అంది. "తక్కువ కాకపోయుంటే వచ్చేదాన్ని కాదేమో."

కృపారాణి ఆమె ముఖంలోకి చూసింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ చూపులో కోపం లేదు. అందుకే సుకుమారికి భయం వేసింది. కోపం ఉంటే దానిని బతిమాలవచ్చు.

"రేపు మా గుడిలో పెళ్ళి ప్రకటన చదవతారు," అంది కృపారాణి. "నేను లేకుంటే ఎట్లా?"

రోడ్డు మీద దర్గాకు పోయే ఆటో ఒకటి ఏ.ఎస్.పేట, ఏ.ఎస్.పేట అని కేకేసుకుంటూ పోయింది. సుకుమారి పోనీ ఒక్కసారి ఆ పదో మెట్టు పాడి వినిపించమని అడిగింది. రేపటికి కాదు, ఊరికే, తన చెవికి.

కృపారాణి సూది జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుంది. మొదటి మాట సరిగానే ఎత్తుకుంది. నాలుగు, అయిదు మెట్లు ఎక్కింది. ఆరో దగ్గర గొంతు పక్కకు తిరిగింది. తెలియకుండానే తిరిగింది. ఇప్పుడు వాళ్ళ గుడిలో కీబోర్డు మీద, డప్పు మీద వాయించే పాట ఒకటి ఆ సందులోంచి లోపలికి వచ్చి కూర్చుంది. కృపారాణి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే, అదే పాటలోకి జారింది. మూడోసారి నోరు తెరిచి, మూసుకుంది.

"పోయింది వదినా," అంది. ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. "ఉండాదనుకున్నా. యాడనో ఉండాదిలే అనుకుంటా వచ్చినా ఇన్నాళ్ళూ."

బస్టాండు దాకా తోడు వచ్చింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, పెళ్ళికి నాలుగు రోజులు ముందే రావాలని చెప్పింది. సుకుమారి తల ఊపింది.

ఆదివారం సుకుమారి రొట్టె కోసి, ఊళ్ళో చెక్కిన కొయ్య పళ్ళెంలో పెట్టి, మీద తెల్లగుడ్డ కప్పింది. మేనత్తను చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చి ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. జయపాల్ అయ్యగారు తెల్ల అంగీ తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు. ఆత్మకూరు నుంచి వచ్చే పది గంటల బస్సు వచ్చేదాకా ఆగారు. బస్సు వచ్చింది. దిగిన నలుగురూ నాలుగు వైపులకు పోయారు. ఇంకో పావుగంట ఆగారు. పెద్ద గుడిలో పాట మొదలై, మెలికలు తిరిగి, డప్పులతో ముగిసింది.

"టీచరమ్మా," అన్నాడు అయ్యగారు, "బల్ల పెట్టలేం. ఆజ్ఞల దాకా చదివి ముగిద్దాం. అది పుస్తకంలో ఉంది."

"ఉంది అయ్యగారూ. చదవండి."

ఆయన మొదటి ఆజ్ఞ చదివాడు. సుకుమారి పాడింది. రెబెకమ్మకు చదివింది వినబడలేదు కానీ మేనకోడలి పెదవులు చూసి కలిసి పాడింది. రెండు. మూడు. మూడో మెట్టు మీద రెబెకమ్మ ఆగి, ఎప్పటిలాగే చేతులు ఒడిలో పెట్టుకుంది. నాలుగు, అయిదు సుకుమారి ఒక్కతే. ఆరో మెట్టు దగ్గర గొంతు కంచులా మోగి, అంచున పగిలింది. ఏడో దానికి గాలి మాత్రమే వచ్చింది. ఎనిమిదో దానికి అది కూడా రాలేదు. అయ్యగారు పుస్తకంలోంచి తల ఎత్తి, ఇక చాలన్నట్టు చూశాడు. ఆమె చెయ్యి ఊపి, చదవమంది. అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్న ఆజ్ఞ చదివాడు. గుడి మౌనంగా విన్నది. పొరుగువాడిది ఏదీ ఆశించవద్దన్న పదో ఆజ్ఞ చదివి, ఆగాడు.

కిటికీలోంచి పడిన ఎండ మూడో బెంచీ దాకా వచ్చి నిలిచింది. సుకుమారి కప్పు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. పదోది ఎవరో ఒకరు పాడాలి. ఆమె కళ్ళు దించుకుంది. కడుపులోంచి, నేల మీది నుంచి, మొదటి మెట్టు స్వరంలో ఆ మాట పాడింది. నాయన కట్టిన వరసను ఆమె జన్మలో తప్పడం అదే మొదటిసారి.

ఆ కింది స్వరానికి రెబెకమ్మ తల ఎత్తింది. బెంచీ చెక్కలోంచి అది ఆమె ఒంటికి తెలిసింది. ఆరాధన ఇప్పుడే మొదలైందనుకుని, నవ్వుతూ, ఆమె కూడా గొంతు కలిపింది.

అయ్యగారు పుస్తకం మూశాడు. తెల్ల అంగీ విప్పి మడత పెట్టుకున్నాడు. సుకుమారి కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ ముడి, తొందరగా రాలేదు. రెబెకమ్మ ఆమె మోచేతిని తట్టింది.

"ఏందిమే అయ్యగారు ఆగిపోయినాడు?" అంది. "రెండోది చదవమను."