నీరుకట్టెల పుణ్యం, మంత్రగాడి పేరు

పాము కరిచిన మనిషిని మంత్రగాడి అరుగు మీద పడుకోబెట్టి, బతికితే మంత్రమనీ పోతే రాత అనీ అనుకునేవారిలో మీరూ ఒకరా? పెదపాడు దగ్గర ఎవరో వందమందిని మంత్రంతో బతికించారని నిన్న నా ఫోనుకి వచ్చింది. పంపినవాడు మా మేనత్త కొడుకే కావడం చూశాక, తాడేపల్లిగూడెం బడిలో ఇన్నేళ్ళు నేను చెప్పిన లెక్కలన్నీ ఏ పంటబోదెలో కలిశాయా అనిపించింది.

వరికోతల్లో మేనత్తని పాము కరిచిననాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. ఏలూరు ఆస్పత్రికి వెళ్ళే బస్సు వంతెన దగ్గర నిలబడే ఉంది. అయినా నాన్నగారు ఆమెను మంత్రగాడి ఇంటికే మోయించారు, అతని దగ్గరికి వెళ్ళిన పదిమందిలో తొమ్మిదిమంది నడిచి రావడం ఊరంతా చూసింది కనక. ఆ వారమే మా లెక్కల మాస్టారు సంచిలో తొమ్మిది పచ్చ గోళీలూ ఒక ఎర్ర గోళీ వేసి, ఒక్కటి తీస్తే అది పచ్చదైనా కావాలి, ఎర్రదైనా కావాలి, ఒకేసారి రెండూ కావడం కుదరదు, అలాంటివాటిలో ఏదో ఒకటి వచ్చే అవకాశం తెలియాలంటే విడివిడి అవకాశాలు కూడితే చాలునని చెప్పారు. ఆ అరుగు ముందు నాకు గోళీలే కనబడ్డాయి. మా చేలగట్ల మీద తిరిగేవి ఎక్కువగా విషంలేని నీరుకట్టెలు. ఆ తొమ్మిదిమందీ మంత్రం లేకపోయినా లేచేవారే, మంత్రానికి అసలు పరీక్ష విషప్పాము కరిచిన ఆ పదోవాడు, వాడు పోయాడు. అత్తకి పడింది పచ్చ గోళీ, అంటే నీరుకట్టయితే, ఆస్పత్రికి వెళ్ళినా నష్టం లేదు, ఎర్రదైతే ఆస్పత్రే దిక్కు.

ఆ మాటే అన్నాను.

"ఏవండీ, మీ అమ్మాయిగారు పాములకి కూడా పరీక్ష పెట్టేలా ఉన్నారు," అని మంత్రగాడు నవ్వాడు.

"తొమ్మిదిమంది బతికారు కదమ్మా, ఆ పదోది మీ అత్తే అవ్వాలా? ఊరుకో," అన్నారు నాన్నగారు.

బస్సు వెళ్ళిపోయింది. వేపమండ ఆడుతుండగానే అత్త రెప్పలు వాలాయి, మాట ముద్దయింది, తరవాతి బస్సు వచ్చేసరికి ఎక్కించడానికి మనిషి లేదు. నాన్నగారు మళ్ళీ ఆ ఇంటి వైపు చూడలేదు, చాలాకాలం నా మొహం వైపూ చూడలేదు. అత్త చంకలోని పసివాడే నిన్న నాకు ఆ కబురు పంపింది.

ఇప్పుడు ఆ చేలు చేపల చెరువులయ్యాయి, ఆకివీడు లారీలు మా గుమ్మం ముందునుంచే పోతాయి, పిలిస్తే అంబులెన్సూ వస్తుంది; లేచినవాళ్ళని లెక్కపెట్టి పోయినవాళ్ళని మరిచే అలవాటు మాత్రం అరుగు దిగి ఫోన్లోకి ఎక్కింది. ఆ కబురు మీకూ వచ్చే ఉంటుంది. చెరిపేయండి. పంపినవారిని ఆ పదోమనిషి ఏమయ్యాడో అడగండి. రేపు మీ ఇంట్లో ఎవరినైనా పాము కరిస్తే, అది ఏ పామో వెతుకుతూ కూర్చోకుండా, ముందు బండెక్కించండి.