సింగడి మెడలో ఎర్ర తాడు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. రెండుసార్లు నా భార్యకు చెప్పబోయి, కూరలో ఉప్పు గురించి మాట్లాడి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

పశువుల ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం నాది. పెదబయలు పైన కొండల మీది ఊళ్లకు వెళ్లి ఆవులకు, మేకలకు, కుక్కలకు సూదులు వేస్తాను. కుక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. మా ఇంట్లో ఇప్పటికీ ఒక కుక్క, రెండు పిల్లులు ఉన్నాయి. పిల్లి ఒళ్లో పడుకుంటే కాళ్లు తిమ్మిరెక్కినా లేవను. గొప్పకు చెప్పడం లేదు. ఈ పని చేసినవాడు కుక్కలంటే గిట్టనివాడు కాదని మీకు తెలియాలి.

ఆ ఏడు ఒక ఊళ్లో పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకాల క్యాంపు పెట్టాం. మందు చల్లగా ఉండాలి, వేడి తగిలితే పనికిరాదు. ముందు రోజంతా కరెంటు లేక ఐసు గడ్డకట్టలేదు. చూశాను. చూసి కూడా సీసాలు డబ్బాలో సర్ది బండికి కట్టుకుని బయలుదేరాను. దారిలో టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం ఊరు చేరి మూత తీస్తే లోపల నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

జనం కాఫీ తోటల పని మానుకుని, మెడకు తాడంటే ఎరగని కుక్కలను అడవిలో కోసిన అడ్డాకు తీగలతో కట్టి పొద్దుటి నుంచి కూర్చున్నారు. మందు పాడైంది, మళ్లీ వస్తాను అంటే సరిపోయేది. ఎందుకు అనలేకపోయాను? వాళ్ల మీద జాలా? చాలా కాలం జాలి అనే చెప్పుకున్నాను. కాదు. పై అధికారికి సంజాయిషీ చెప్పుకోవాలన్న భయం. వచ్చిన కుక్కలన్నిటికీ ఆ మందే వేశాను. సూది పడినదానికి గుర్తుగా మెడలో ఎర్ర తాడు కట్టడం మా పద్ధతి. ఎర్ర తాడున్న కుక్కతో భయం లేదని ఆ ఊళ్లకు చెప్పి నమ్మించిందీ మేమే.

ఆ వరసలో కొండమ్మ ఉంది. ఆమె కుక్క పేరు సింగడు. సూది వేస్తుంటే వాడి కళ్లు అరచేత్తో మూసి, పసిబిడ్డను ఊరుకోబెట్టినట్టు ఏదో గొణిగింది. చోడి అంబలి, అదే రాగి జావ, తాగితే తనకు సగం, వాడికి సగం. పసుపు మూట నెత్తిన పెట్టుకుని ఆమె సంతకు దిగుతుంటే వాడు ముందు నడిచేవాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఆమె కనిపించాక మళ్లీ కదిలేవాడు. చూడముచ్చటగా ఉండేవాళ్లు ఇద్దరూ.

కొన్ని నెలలకు సంతలో కనిపించింది. చేతికి ఆకుపసరు కట్టు. పక్కన సింగడు లేడు.

"సింగడు గుంటడు కరిసేసినాడు బాబూ. రెండు దినాలయి కూడు ముట్టడం నేదు. నోట్లో ఎట్టబోతే కరిసినాడు. పెద్దాసుపత్రికి ఎల్లాలేటి?"

కట్టు విప్పించి చూశాను. పళ్లు లోతుగా దిగాయి.

"ఎల్లక్కర్లేదు. ఎర్ర తాడు కట్టిన కుక్కే కదా. ఏటీ అవదు."

"అంతే కదా," అని నవ్వింది. రెండు సీతాఫలాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అవి తిన్నాను కూడా.

సూది వేసిన కుక్క కరిచినా మనిషి సూదులు వేయించుకోవాల్సిందే. నా ఉద్యోగంలో నేర్పే మొదటి పాఠం ఇది. మరి ఎందుకలా అన్నాను? ఆమె ఆసుపత్రికి వెళితే కుక్కకు టీకా ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అని అడుగుతారు. అడిగితే ఆ క్యాంపు బయటపడుతుంది. ఆమె నా మొహంలోకి చూస్తున్న ఆ కాస్త సేపట్లో ఇంత లెక్క వేసుకున్నాను. ఆ మందు నిజంగా పాడైందో లేదో ఇప్పటికీ తెలియదు. తెలిస్తే మాత్రం ఏం తేడా?

పై వారం సంతలో, సింగడు చొంగ కార్చుకుంటూ తిరిగి తిరిగి వాగు ఒడ్డున చచ్చిపోయాడని విన్నాను. అప్పుడైనా పరుగెత్తి ఉంటే, సూదులు మొదలుపెట్టించి ఉంటే, ఆమె బహుశా బతికేది. నేను బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

నెలన్నరకు ఆమెకు నీళ్లంటే భయం పట్టుకుంది. గ్లాసు దగ్గరికి తెస్తేనే గొంతు బిగుసుకుపోయేదట. నాలుగు రోజులు దాహంతో కొట్టుకుని చనిపోయింది.

తర్వాత ఒక మీటింగులో ఎవరో అన్నారు, ఆకుపసరు కట్టుకుని ఇంట్లో కూర్చుంటారు, ఎంత చెప్పినా ఈ జనం ఇంతే అని. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. నా తప్పుల్లో ఏది పెద్దదని అడిగితే, ఒక్కోరోజు ఇదే అనిపిస్తుంది.

ఆమె భర్త బొంజన్న మళ్లీ కుక్కను పెంచుకున్నాడు. ఏటా క్యాంపుకు అందరికన్నా ముందు వస్తాడు. ఇప్పుడు మందు చల్లగానే ఉంటుంది, పదిసార్లు చూసుకుంటాను. కొండమ్మకు దానితో ఏం పని? మొన్న తాడు ముడి వేస్తుంటే బొంజన్న అన్నాడు.

"ఆసుపత్రికి ఎల్దామన్నాను బాబూ. అవసరం నేదంది. మొండిది. ఎల్లుంటే బతికుండును."

అవసరం లేదన్నది ఎవరో ఆమె చెప్పలేదా? చెప్పినా అతను నా మొహం మీద అనలేకపోతున్నాడా? అడిగే ధైర్యం లేదు. ముడి వేసి, పక్క కుక్క దగ్గరికి జరిగాను.

క్షమించమని ఎవరినీ అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. ఇంత రాశాక గొంతులో అడ్డం కాస్త కదిలింది, అంతే. బొంజన్నకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. కొండమ్మ మొండిది కాదు. వెళ్లాలా అని అడిగింది. నన్నే అడిగింది. వద్దన్నది నేను.