కర్రోడితో నందిగామ పెళ్ళికి

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళడం కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్ళు నవ్వండి. బస్సులో గంట ప్రయాణం, ఒప్పుకుంటాను. కానీ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషినీ, ఆ మనిషిని నిలబెట్టే కుక్కనీ వెంటబెట్టుకుని ఒక్కసారి వెళ్ళి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మా ఆయన సుబ్బారావు సైన్యంలో పనిచేశారు. సరిహద్దులో మందుపాతర పేలి పక్కనున్న స్నేహితుడు పోయాడు, ఈయన మిగిలారు. ఇంటికొచ్చాక తలుపు దభాలున పడినా సరే, నేల మీద బోర్లా పడుకునేవారు. మా ఊరి చుట్టూ సున్నపురాయి క్వారీలు. పేల్చే ముందు సైరన్ మోగిస్తారు కాబట్టి ఆ మోతను ఎలాగో తట్టుకోవడం నేర్చుకున్నారు. చెప్పాపెట్టకుండా వచ్చే చప్పుడే ఆయన్ని కూల్చేసేది.

సైన్యంలో కుక్కలకు తర్ఫీదు ఇచ్చిన స్నేహితుడొకాయన ఇది చూసి, కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉండి, మా వీధిలో తిరిగే కర్రోడనే నల్లకుక్కకు పని నేర్పాడు. "విదేశాల్లో ఇలాంటి సైనికులకు కుక్కల్ని ఇస్తారమ్మా. మనకెవరిస్తారు? మనమే తయారుచేసుకుందాం" అన్నాడు. మనిషికి వణుకు మొదలవగానే కాళ్ళకు ఒరిగి బరువు మోపడం, కలలో అరిస్తే దుప్పటి లాగి లేపడం, జనంలో ఉన్నప్పుడు ఆయన్ని అంటిపెట్టుకుని ఉండడం, ఇవీ కర్రోడి ఉద్యోగం. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. నవ్వనీ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఆడపడుచు లక్ష్మి తన కూతురి పెళ్ళి గురించి నందిగామ నుంచి పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి నన్ను పిలిపించింది. "వదినా, రాధిక పెళ్ళికి అన్నయ్యని కదిలించకు. జనం, గోల. బుట్ట పట్టడానికి వరసకు మేనమామలు ఉన్నారుగా" అంది.

మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలే మండపానికి మోసుకురావాలి. సొంత మేనమామ బతికుండగా వరస మేనమామలా? నాకు ఒళ్ళు మండింది. ఈ సంగతి ఆయనతో చెబితే ఆ పూట అన్నం ముట్టలేదు. చీకటి పడే వేళకు, "వెళ్దాం సరోజా. కర్రోడు కూడా వస్తేనే" అన్నారు. సరే, అదీ చూద్దాం అనుకున్నాను.

పొద్దున్నే ఆరున్నరకు బస్టాండుకు చేరాం. మొదటి బస్సు కండక్టర్ కుక్కను చూడగానే "అదేం కుదరదండి" అని రైట్ చెప్పేశాడు. రెండో బస్సులో నేనే ముందు ఎక్కి ద్వారంలో నిలబడ్డాను. "దానికీ టికెట్ కొట్టండి. పూర్తి టికెట్. దిగమంటే మాత్రం దిగను" అన్నాను. కోళ్ళగంప ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ నాకు తోడొచ్చింది. "నా కోళ్ళొస్తే లేని ఇబ్బంది, ఆ మూగజీవం వస్తే వచ్చిందా నీకు? ఎక్కనీవయ్యా!"

కోదాడ వైపు ఆసామి ఒకాయన విరగబడి నవ్వాడు. "కుక్కకు గూడ టికెటా? గట్లయితే సీటియ్యాలె మల్ల!"

"అక్కర్లేదండీ. కింద కూర్చోవడం దానికి తెలుసు, మనుషులకే తెలీదు" అన్నాను. కండక్టర్ తల పట్టుకుని టికెట్లు కొట్టాడు.

ఇలాంటి మనిషితో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఎక్స్‌ప్రెస్ జోలికి పోకండి, ఊరూరా ఆగే బస్సు ఎక్కండి. చివరి వరస సీటు పట్టుకోండి, అక్కడైతే వీపు వెనక ఎవరూ ఉండరు. కుక్కకు పెరుగన్నం ఇంటినుంచే తీసుకెళ్ళండి.

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కుతుండగా పక్కన సిమెంటు లారీ టైరు పేలింది. ఆయన తల మోకాళ్ళ మధ్యకు వెళ్ళిపోయింది, చేతులు ఒకటే వణుకు. కర్రోడు లేచి ముందుకాళ్ళు ఆయన ఒళ్ళో పెట్టి, ఛాతీతో గట్టిగా నొక్కి పట్టింది. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ముందు సీటాయన, "గాలి సోకిందేమోనమ్మా, తాయెత్తు కట్టించండి" అన్నాడు.

"గాలి కాదండీ, యుద్ధం. మీరూ నేనూ ఇక్కడ హాయిగా పడుకుంటే అక్కడ ఆయనకు తగిలింది" అన్నాను. కాసేపటికి మా ఆయన తలెత్తి, కర్రోడి చెవులు నిమురుతూ కిటికీ బయటికి చూశారు.

ఎనిమిది గంటలకు నందిగామలో దిగాం. హోటల్లోకి కుక్కను రానివ్వలేదు, బయట నిలబడే ఇడ్లీ తిన్నాం. చట్నీ మాత్రం బాగుంది. మండపం దగ్గర లక్ష్మి భర్త ఎదురొచ్చి మొహం చిట్లించాడు.

"చెల్లెమ్మా, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే కుక్కేంటమ్మా? మగపెళ్ళివారేమనుకుంటారు? వెనక వంటల దగ్గర కట్టేయిస్తాలే."

"అయితే ఆయన్నీ అక్కడే కట్టేయించండి అన్నయ్యగారూ. ఇద్దరూ ఒకచోటే ఉంటారు."

నా గొంతు కాస్త పెద్దదే. నలుగురూ తిరిగి చూసేసరికి ఆయన దారి వదిలాడు. ఆ క్షణంలో నాకు ఎంత గర్వంగా ఉందో, అంత ఏడుపూ వచ్చింది.

పదకొండు దాటాక రాధికను బుట్టలో కూర్చోబెట్టారు. ఒకవైపు మా ఆయన, ఇంకోవైపు తమ్ముడి వరసయ్యే వెంకట్రావు పట్టుకుని లేపారు. కర్రోడు ఆయన ఎడమకాలిని అంటుకుని నడిచింది. హాలంతా నిశ్శబ్దం. సన్నాయి లేదు, డోలు లేదు.

"మేళం ఏదీ?" అన్నాను లక్ష్మితో.

"అన్నయ్య కోసమే ఆపించాం వదినా. చప్పుడు పడదుగా" అంది, నేను మెచ్చుకుంటానన్నట్టు.

అయ్యో పిచ్చిదానా! కళ్ళెదుట వాయించే డోలు ఆయన్నేం చేస్తుంది? నేను నోరు తెరిచేలోపే, బయట మగపెళ్ళివారు టపాకాయల దండ అంటించారు. ఆ నిశ్శబ్దంలో అది పిడుగు పడ్డట్టు మోగింది.

ఆయన ఆగిపోయారు. బుట్ట ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఇద్దరు మనుషులు బుట్ట అందుకోబోతే చేతులు అడ్డం పెట్టి "ఎవరూ ముట్టుకోవద్దు!" అని అరిచాను. కర్రోడు తన బరువంతా ఆయన కాలి మీద వేసింది. బుట్ట పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి, కానీ విడిపోలేదు.

"ముహూర్తం దాటిపోతోందండీ" అన్నారు పురోహితులు.

రాధిక బాసికం సర్దుకుని, తల తిప్పి ఆయన్నే చూసింది. "నాకేం తొందరలేదు మావయ్యా. నువ్వు నడిచినప్పుడే వెళ్దాం" అంది.

ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలీదు. ఆయన ఊపిరి పీల్చుకుని, "మేళం వాయించమను" అన్నారు. నేను వాయిద్యాలవాళ్ళ వైపు ఒంటికాలి మీద లేచాను. డోలు మోగింది, సన్నాయి అందుకుంది, బుట్ట కదిలింది. ఆయన కూతుర్లాంటి పిల్లను పీటల మీద దించి, పక్కకు జరిగి నిటారుగా నిలబడ్డారు. ఎవరేమనుకుంటే నాకేం, నేను పైటచెంగు అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాను.

భోజనాలయ్యాక మూడింటి బస్సుకు బయల్దేరాం. ఈ ప్రయాణంలో నాకు అర్థమైంది ఒక్కటే. జాలిపడి ఇంట్లో ఉండమనేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, వాళ్ళ మాట మాత్రం వినకూడదు. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళు ఎక్కండి బస్సు. ఎవరు కాదంటారో చూద్దాం.

ఇన్నేళ్ళూ ఎవరేమడిగినా మా ఆయన నా మొహం చూసేవారు, నేనే జవాబు చెప్పేదాన్ని. ఆ సాయంత్రం బస్సులో పక్కసీటాయన పలకరించాడు. "పెళ్ళి నుంచాండీ? పెళ్ళికూతురికి ఏమవుతారు?"

నేను నోరు తెరవబోయాను. మా ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపారు.

"మేనమామనండి. సొంత మేనమామని. బుట్ట పట్టింది నేనే."