అవ్వ వేలిముద్ర

ఆత్మకూరులో నర్సింగ్ చదువు ముగించిన ఏడాదే నాకా ఉద్యోగం దొరికింది. ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు రక్తపోటు మీద పరిశోధన చేస్తున్నారు. ఉదయగిరి వైపు పల్లెల్లో తిరిగి, ఇష్టపడ్డవాళ్లను చేర్చుకుని, నెలనెలా బీపీ చూసి రక్తం తీసుకోవడం నా పని. కొత్త బ్యాగు, మెడలో కార్డు. మొదటి రోజు బస్సులో కూర్చుని, వైద్యశాస్త్రమంతా నా ఒక్కదానికోసమే ఎదురుచూస్తున్నట్టు పొంగిపోయాను.

నాలుగు రోజుల్లో ఆ పొంగు చల్లారింది. నాకిచ్చిన మొదటి పల్లె గొర్రెలు మేపుకునేవాళ్లది. రక్తం అంటే అందరూ చెయ్యి చాపేవాళ్లు, అంగీకార పత్రం మీద సంతకం అనగానే లేచిపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. వారం లోగా ఒక్కరూ చేరకపోతే ఆ పల్లెను వదిలేస్తామని పరిశోధన నడిపే డాక్టరుగారు చెప్పేశారు.

ఐదో రోజు గొర్రెల దొడ్డి దగ్గర ఒక అవ్వ అసలు సంగతి బయటపెట్టింది.

"నెత్తురు ఎంత కావాల్నో తీసుకో పాపా. ఏలిముద్ర మాత్రం అడగొద్దు. మా ఆయన ఏందో కాగితం మీద ఏలిముద్ర ఏసినాడు, రెండెకరాలు పోయినాయి. ఇంక ఎకరమే ఉండాది."

నాకు సిగ్గేసింది. వేలు ఎక్కడ పెట్టాలో చూపించడమే తప్ప, మా పత్రంలో ఏముందో నేను ఎవరికీ సరిగా చదివి వినిపించలేదు. అక్కడే కూర్చుని మొదటినుంచీ గట్టిగా చదివాను. 'ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు' అన్న చోట అవ్వ ఆపింది.

"అది మళ్లా చదువు."

మూడుసార్లు చదివించుకుని వేలిముద్ర వేసింది. చదువుకున్న ఆమె కోడలు సాక్షి సంతకం చేసింది. నా మొదటి మనిషి! దొడ్డి దాటకముందే డాక్టరుగారికి ఫోన్ చేశాను.

మరుసటి రోజు బస్సు దిగేసరికి అవ్వ నేనిచ్చిన పత్రం నకలు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను మానుకుంటాండాను పాపా."

గడువు ఇంకొక్క రోజే. ఎందుకని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె ఎదుటే ఫైలు తీసి, మానుకుందని రాసి చదివి వినిపించాను.

"ఏందీ, ఒక్క మాట గూడా అడగవా?"

"అడగకూడదవ్వా. నీ ఇష్టం. ఆసుపత్రికి వస్తే మాత్రం ఎప్పటిలాగే చూస్తాం."

నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆఖరి రోజు ఆ పల్లెకు మొక్కుబడిగా వెళ్లాను. దొడ్డి దగ్గర తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు, ముందు అవ్వ.

"చేర్చుకునేదానికేం, ఎవరైనా చేర్చుకుంటారు. పోతానంటే నువ్వు పోనిచ్చినావు. అందుకే వీళ్లని పిలుచుకొచ్చినా."

సంతోషంలో తొందరపడి లాగితే సిరా డబ్బా మూత రాలేదు. అవ్వే లాక్కుని తీసింది.

"నువ్వు కూడా మళ్లీ చేరతావా అవ్వా?" అంటూ ఆత్రంగా కాగితం ముందుకు జరిపాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముందు చదువు పాపా."