కప్పు మీదికి శిలువ

సెవేరో మేస్త్రి గుమ్మటం కప్పు వేస్తుంటే చూడాలి. కింద సెంట్రింగ్ ఉండదు. చెక్క లేదు, ఇనప ఊచ లేదు. గది మూలలో మొదలుపెట్టి, చిన్న ఇటుకకు సిమెంటు మాలు పట్టించి, పక్క ఇటుకకు ఆనించి, రెండు క్షణాలు అరచేత్తో నొక్కి వదిలేస్తాడు. అది అక్కడే ఉంటుంది, గాలిలో. దాని పక్కన ఇంకోటి. సివిల్ ఇంజనీరింగ్ రెండేళ్లు చదివి మానేసిన నాకు ఆ లెక్క ఇప్పటికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

"ఎలా నిలబడుతుంది మేస్త్రీ?" అంటే, "పడిపోవడానికి దానికి తీరికివ్వనురా" అంటాడు.

ఆయనకు అరవై మూడేళ్లు. బడికి వెళ్లింది మూడేళ్లు. పన్నెండో ఏట తండ్రి వెంట పరంజా ఎక్కాడు. చపాలా సరస్సు ఒడ్డున మా ఊళ్లో విదేశీయులు కట్టుకున్న ఇళ్లలో సగానికి కప్పు ఆయనదే. పైన ఉన్నంతసేపూ ఈల వేస్తాడు, కిందికి దిగితే నోరు విప్పడం కష్టం. ఒక్కటే పట్టుదల. మే మూడున, శిలువ పండగ నాడు, కట్టే ఇంటి మీద శిలువ ఎక్కాలి. ఎక్కకపోతే ఆ కప్పు మీద మళ్లీ కాలు పెట్టడు. తండ్రి శిలువ ఎక్కని కప్పు మీంచే పడి చనిపోయాడు. ఇప్పటికి రెండిళ్లు మధ్యలో వదిలేశాడు. ఒకటి ఈ రోజుకీ రేకుల కిందే ఉంది.

కిందటేడు డోరిన్ అనే కెనడా ఆవిడకు ఇల్లు కడుతున్నాడు. భర్త పోయాక ఒక్కతే వచ్చింది, డెబ్భై దాటాయి. విదేశీయులకు ఇక్కడి పనులు చక్కబెట్టి పెట్టడమే నా పని కాబట్టి ఆవిడకూ మేస్త్రికీ మధ్య మాటలు మోసేది నేనే. మే వచ్చేసరికి గుమ్మటం నడుమ బండి చక్రమంత కంత మిగిలింది. జూన్‌లో వానలు.

"ఎల్లుండి పండగండీ, పని ఉండదు. తెల్లారకముందే టపాసులు పేలతాయి, తుపాకులనుకుని మంచం కింద దూరకండి" అన్నాను.

"ఇంకేమైనా తెలుసుకోవాలా?"

"అంతే."

అంతే కాదు. ఆ రోజు ఇల్లు కట్టించేవాళ్లే శిలువకు చెయ్యి వెయ్యాలి, పనివాళ్లకు భోజనం పెట్టాలి, తమ చేత్తో వడ్డించాలి. మా ఊళ్లో ఇది ఒకరు ఒకరికి చెప్పే సంగతి కాదు. నీళ్లు తాగాలంటే నోరు తెరవాలని ఎవరైనా చెబుతారా? అందుకే చెప్పలేదు.

మూడున చర్చిలో ప్రార్థన ముగిశాక తెల్ల చొక్కాలో మేస్త్రి, భుజాన కాగితం పువ్వులు చుట్టిన శిలువ, వెనక నలుగురు పనివాళ్లు, వాళ్ల పెళ్లాం పిల్లలు. ఆవిడ గేటుకు తాళం. తాళం పక్కన ఆవిడ వచ్చీరాని మా భాషలో రాసిన కాగితం: "పండగ శుభాకాంక్షలు. విశ్రాంతి తీసుకోండి. నేను పట్నం వెళ్తున్నాను."

తోనో అనే పనివాడు చదివి పకాలుమన్నాడు. "బాగుంది. మన పండక్కి ఆవిడ సెలవెట్టింది."

"నాన్నా, ఆకలి" అంది వాడి కూతురు.

"తాళం తింటావా తల్లీ?"

మేస్త్రి నవ్వలేదు. శిలువను గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. "పొద్దుగూకేలోగా ఎక్కాలి."

"గోడ దూకి పెట్టేద్దాం మేస్త్రీ" అన్నాను.

"దొంగతనంగా పెడితే అది శిలువ కాదురా, రెండు కర్రలు. ఇల్లుగలావిడ చెయ్యి పడాలి. నువ్వు చెప్పలేదా?"

నేను జేబులోంచి ఫోన్ తీశాను.

"సగం చదువు కదా మేస్త్రీ, సగమే చెప్పుంటాడు" అన్నాడు తోనో.

ఆవిడ నంబరు నొక్కాను. "మీ పండక్కి అడ్డం ఉండకూడదని వచ్చేశాను" అంది ఆవిడ.

"మీరు లేకపోతే ఇక్కడ పండగే లేదండీ. తప్పు నాది. ఈ రోజు శిలువ ఎక్కకపోతే ఆయన ఇక మీ కప్పెక్కడు."

భోజనం, వడ్డన సంగతీ చెప్పాను. "ఎంతమంది తింటారు?" అంది.

నాలుగింటికి టాక్సీ వచ్చింది. నిప్పుల మీద కాల్చిన కోళ్లు పదకొండు, గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలు సంచుల నిండా పెట్టుకుని దిగింది. క్షమాపణలేమీ చెప్పలేదు. "ముందు ఏది? తిండా, శిలువా?"

"శిలువ" అన్నాడు మేస్త్రి.

నిచ్చెన ఎక్కింది, మాటలు మోయడానికి వెనకే నేను. గుమ్మటం అంచుకొచ్చి ఆగిపోయింది. "దీని కింద ఏముంది?"

"ఏమీ లేదమ్మా. ఇటుకకు ఇటుకే తోడు."

"నా బరువు ఆగుతుందా?"

మేస్త్రి మడమతో గట్టిగా తన్నాడు. గుమ్మటం కుండలా మోగింది. ఆవిడ చెప్పులు విప్పేసింది. వేళ్లు ముడుచుకుంటూ ఒక్కో ఇటుకా దాటింది. అవతలి మూల గోడ మీద మాలులో శిలువ దించుతుంటే ఆవిడ చెయ్యి మీద ఆయన చెయ్యి.

తలెత్తి చూసింది. ఊరంతా, పూర్తి కాని ప్రతి ఇంటి మీదా, ఊచల మధ్య, మొండిగోడల మీద శిలువలు. రంగు కాగితాలు సరస్సు గాలికి అన్నీ ఒకే వైపు ఎగురుతున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, నేనూ అంత ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆవిడ వేలితో ఒక్కో శిలువనీ చూపించింది. మేస్త్రి తలూపాడు. అనువదించడానికి నాకేమీ మిగల్లేదు.

కింద ఆవిడే వడ్డించింది, చేతులు జిడ్డోడుతుంటే. మేస్త్రి రెండు సార్లు పెట్టించుకున్నాడు. "రేపు ఏడింటికి మాలు సిద్ధంగా ఉండాలి" అన్నాడు తోనోతో.

నాలుగో రోజుకి కంత గుప్పెడంత అయింది. ఆవిడ సరిగ్గా దాని కిందకొచ్చి తల వెనక్కి వాల్చి నిలబడింది.

"పక్కకి జరగమనురా" అని పైనుంచి అరిచాడు మేస్త్రి.

చెప్పాను. ఆవిడ జరగలేదు. ఆఖరి ఇటుక కంతలో కూర్చుంది.