నిదానం అక్క నెమ్మది పదాలు

మా ల్యాబ్‌లో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. మాకందరికీ నిదానం అక్క. కృత్రిమ జన్యువులు రాయడం ఆవిడ పని. ఫలానా ప్రొటీను చెయ్యమని బ్యాక్టీరియాకు మూడేసి అక్షరాల పదాలతో రాసే ఉత్తరం అనుకోండి. ఒకే అర్థానికి నాలుగైదు పదాలుంటాయి. కొన్నిటిని బ్యాక్టీరియా గబగబా చదివేస్తుంది, కొన్నిటి దగ్గర తడుముకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ నెమ్మది పదాలన్నిటినీ ఏరిపారేస్తుంది. అక్క కొన్నిటిని కావాలనే ఉంచేది.

"గబగబా కుక్కితే పొలమారదూ? ప్రొటీను మడత పడే చోట బ్యాక్టీరియాను కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి" అనేది.

"ఆలస్యం అమృతం విషం తల్లీ!" అని విసుక్కునేవాడు ల్యాబ్ పెద్దాయన. కానీ సాఫ్ట్‌వేర్ రాసిన జన్యువులతో రెండుసార్లూ ప్రొటీను సరిగ్గా మడత పడక, పనికిరాకుండా ముద్దకట్టింది. మూడోది అక్క చేతికిచ్చాడు. ఇదీ పోతే ప్రాజెక్టు మూత, దాంతోపాటే అక్క ఉద్యోగం. బావగారు దర్జీ. చూపు మందగించి, కుట్టుమిషను మూలపడి ఏడాదైంది.

ఆ జన్యువును తయారుచేసి పంపే కంపెనీకి ఆర్డరు పెట్టింది నేను. తెర మీద అక్క రాసిన పదకొండు పదాల కింద ఎర్రగీతలు కనిపిస్తే, అచ్చుతప్పులు దిద్దినట్టు 'సరిచెయ్యి' నొక్కేశాను. అక్క మాట వందసార్లు విన్నాను, చెవికెక్కితేగా! మేలు చేశాననే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫలితం చూసే రోజు వచ్చింది. బ్యాక్టీరియాను పగలగొట్టి యంత్రంలో గిర్రున తిప్పాక, ప్రొటీను పైనున్న తేటలో ఉంటే గెలిచినట్టు. అడుగున ముద్దలో ఉంటే పోయినట్టే. ప్రొటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్‌ను అక్క దీపపు పలక మీద పరిచింది. తేట గడిలో మా ప్రొటీను గీత లేదు. ముద్ద గడిలో చిక్కటి నీలం గీత, అచ్చం వెనకటి రెండుసార్లలాగే.

"నా లెక్కే తప్పింది సార్" అంది.

వెనకటిలాగే ఎందుకొచ్చిందో అప్పుడు వెలిగింది నాకు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెద్దాయన అప్పటికే తలుపు దాకా వెళ్ళాడు.

"అక్కా... ఆ ఎర్రగీతలు నేను దిద్దేశాను."

"ఎన్ని?"

"పదకొండూ."

తిట్టినా బాగుండేది. స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దాయన నన్ను కొరకొరా చూసి, ఆమె దగ్గరికొచ్చాడు.

"ఊరుకో తల్లీ. ఇంకొక్కసారి పెడదాం."

"అందుకు కాదు సార్," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "నేను రాసింది ఇంకా ఓడిపోలేదు."